పాకం, ఓఆర్‌ఎస్, ఇంటర్ లెక్కలు: ద్రావణాలపై మీ ప్రశ్నలకు జవాబులు

ద్రావణాల పాఠం మీద ఇంటర్ పిల్లల నుంచి, ఇళ్ల నుంచి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం. బాష్పపీడనం తగ్గడం, మరిగే ఉష్ణోగ్రత పెరగడం, గడ్డకట్టే ఉష్ణోగ్రత తగ్గడం, ద్రవాభిసరణ పీడనం (పలుచని పొర గుండా నీరు చిక్కటి ద్రావణం వైపు పోకుండా ఆపడానికి కావలసిన పీడనం): ఈ నాలుగింటినీ కలిపి కణాధార ధర్మాలంటాం. నీటిలో కరిగింది ఉప్పా, పంచదారా, యూరియానా అన్నది వీటికి పట్టదు. ఎన్ని కణాలుగా కరిగిందన్నదే లెక్క.

ప్రశ్న: 4.5 గ్రాముల పదార్థాన్ని 75 గ్రాముల నీటిలో కరిగిస్తే −0.62 డిగ్రీల దగ్గర గడ్డకట్టింది, అణుభారం ఎంత అన్న లెక్కకు నాకు 170 వస్తోంది. పుస్తకంలో 180 అని ఉంది. ఎక్కడ తప్పాను? (ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థిని, ఒంగోలు)

జవాబు: మొలాలిటీ (కిలో ద్రావణిలో ఎన్ని మోల్‌లు కరిగాయన్న లెక్క) కట్టేటప్పుడు మీరు 79.5 గ్రాములతో చేసి ఉంటారు. అది ద్రావణం మొత్తం బరువు. మొలాలిటీకి కావలసింది ద్రావణి బరువు, అంటే ఒక్క నీటి బరువు. 0.62ను నీటి మోలాల్ నిమ్నత స్థిరాంకం (కిలో నీటిలో ఒక మోల్ కరిగితే గడ్డకట్టే ఉష్ణోగ్రత ఎంత తగ్గుతుందో చెప్పే అంకె) 1.86తో భాగిస్తే 0.333 వస్తుంది. కిలో నీటికి అన్ని మోల్‌లు. మన దగ్గరున్న నీరు 0.075 కిలోలు కాబట్టి 0.025 మోల్‌లు. 4.5ను 0.025తో భాగిస్తే సరిగ్గా 180. అది గ్లూకోజ్ అణుభారం.

జవాబు పత్రాల్లో మళ్లీ మళ్లీ కనిపించే తప్పులు ఇంకో రెండున్నాయి, అవీ చూసుకోండమ్మా. ఉష్ణోగ్రతలో వచ్చిన తేడాకు 273 కలపకూడదు. సెల్సియస్‌లో 0.62 డిగ్రీల తేడా కెల్విన్‌లోనూ 0.62 తేడాయే. ద్రవాభిసరణ పీడనం లెక్కలో మాత్రం ఉష్ణోగ్రతను కెల్విన్‌లోకి మార్చి తీరాలి. వాయు స్థిరాంకం 0.0821 వాడితే జవాబు అట్మాస్ఫియర్లలో వస్తుంది, 0.083 వాడితే బార్‌లలో వస్తుంది.

రెండోది, ఉప్పు కనిపించగానే వాంట్‌హాఫ్ గుణకం (కరిగాక కణాల సంఖ్య ఎన్ని రెట్లయిందో చెప్పే అంకె) గుర్తుకు రావాలి. సోడియం క్లోరైడ్ నీటిలో రెండు అయాన్లుగా విడిపోతుంది. ఆ సంగతి మరిచి లెక్క కడితే దాని అణుభారం 58.5కు బదులు 31 దగ్గర వస్తుంది. సరిగ్గా సగం కాకపోవడానికి కారణం, నీటిలో అయాన్లు ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటూ పూర్తి స్వేచ్ఛగా ఉండకపోవడం. 0.1 మోలాల్ ఉప్పునీటికి గుణకం 2 కాదు, 1.87. బెంజీన్‌లో బెంజోయిక్ ఆమ్లం సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. రెండేసి అణువులు హైడ్రోజన్ బంధాలతో జతకడతాయి, కణాలు సగమవుతాయి, 122 ఉండాల్సిన అణుభారం 244 దగ్గరకు పోతుంది. లవణాలు నీటిలో అయాన్లుగా ఉంటాయని అరీనియస్ 1884లో చెప్పినప్పుడు నమ్మినవాళ్లు తక్కువ. గడ్డకట్టే ఉష్ణోగ్రతల్లో కనిపించిన ఈ లెక్క తేడాలే ఆయన మాటకు గట్టి సాక్ష్యాలయ్యాయి. 1901లో రసాయనశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ వాంట్‌హాఫ్‌కు, 1903లో అరీనియస్‌కు వచ్చాయి.

ప్రశ్న: కాకినాడలో ఉన్నప్పుడు అరిసెల పాకం థర్మామీటర్‌లో 114 చూపగానే దించేదాన్ని, మెత్తగా కుదిరేవి. బెంగళూరు వచ్చాక అదే బెల్లం, అదే 114. అరిసెలు రాయిలా వస్తున్నాయి. థర్మామీటర్ పాడైందా? (గృహిణి, బెంగళూరు)

జవాబు: థర్మామీటర్ బాగానే ఉండి ఉంటుంది, మారింది ఊరి ఎత్తు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. గాలి పీడనం తక్కువ కాబట్టి అక్కడ మామూలు నీళ్లే 97 డిగ్రీల దగ్గర మరుగుతాయి. పాకం చిక్కదనాన్ని చెప్పేది 114 అన్న అంకె కాదు, నీరు మరిగే ఉష్ణోగ్రత కంటే పాకం ఎంత పైన మరుగుతోందన్న తేడా. కాకినాడలో అది 14 డిగ్రీలు. బెంగళూరులో 114 దాకా ఆగితే 17 అయింది, అంటే నీరు బాగా ఇగిరిపోయి గట్టి పాకంలోకి వెళ్లిపోయింది. ముందు గిన్నెలో మామూలు నీళ్లు మరిగించి థర్మామీటర్ ఎంత చూపుతోందో రాసుకోండి. దానికి 14 కలపండి. 97 చూపితే 111 దగ్గర దించేయాలి. హైదరాబాద్ వాళ్లు రెండు డిగ్రీలు తగ్గించుకుంటే సరిపోతుంది. థర్మామీటర్ కొన గిన్నె అడుగుకు తగలకూడదు, తగిలితే అడుగు వేడి చూపిస్తుంది.

పాకం మరిగేకొద్దీ ఉష్ణోగ్రత ఎక్కుతూ పోవడానికి కారణం తేలికే. ఆవిరై పోయేది నీరొక్కటే, తీపి అంతా గిన్నెలోనే ఉండిపోతుంది. తీగ పాకం దాటాక ఈ ఎక్కడం ఉన్నట్టుండి జోరందుకుంటుంది. 80 శాతం పంచదార ఉన్న 100 గ్రాముల పాకంలో నీరు 20 గ్రాములే. అందులో ఒక్క చెంచాడు, 5 గ్రాములు, ఇగిరితే 84 శాతానికి చేరుతుంది. పళ్లెంలో నీళ్లు పోసి చుక్క వేసి ఉండ కడుతుందో లేదో చూసేలోపే పొయ్యి మీద పాకం ముదిరిపోయేది ఇందుకే. 108 దాటగానే మంట బాగా తగ్గించండి, చుక్క చూసేటప్పుడు గిన్నెను పొయ్యి మీద నుంచి దించి పెట్టండి.

లెక్కలు చేసే పిల్లలు ఇక్కడ ఒకటి గమనించాలి. 80 శాతం పంచదార పాకం సుమారు 112 డిగ్రీల దగ్గర మరుగుతుంది. పాఠ్యపుస్తకం సూత్రంతో చేస్తే మొలాలిటీ 11.7, దాన్ని నీటి మరిగే ఉష్ణోగ్రత పెరుగుదల స్థిరాంకం 0.512తో గుణిస్తే పెరుగుదల 6 డిగ్రీలే, అంటే 106 రావాలి. సూత్రం తప్పు కాదు, అది పలుచని ద్రావణాలకు పుట్టింది. పాకంలో ఒక్కో పంచదార అణువు తన చుట్టూ నీటి అణువుల్ని పట్టి ఉంచుకోవడంతో స్వేచ్ఛగా ఉన్న నీరు మనం అనుకున్నదానికన్నా తగ్గిపోతుంది. బెల్లంలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కూడా కొంత ఉంటాయి. ఆ అణువులు పంచదార అణువులో సగం బరువే, కాబట్టి అదే బరువుకు ఎక్కువ కణాలు. అందుకే పంచదార పాకానికి రాసిన అంకెలు బెల్లానికి అచ్చంగా పనికిరావు. ఒక్కో బెల్లానికి మీ సొంత అంకె మీరే కట్టుకోవాలి.

ప్రశ్న: లీటరు నీటికి కలపాల్సిన ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను పాపకు ఒక గ్లాసులో చిక్కగా కలిపి ఇస్తే త్వరగా శక్తి వస్తుందా? (ఒక తల్లి, సిద్దిపేట)

జవాబు: అలా అస్సలు చేయకండి, ప్రమాదం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9, గ్లూకోజ్ 13.5 గ్రాములు. విడివడిన అయాన్లన్నీ, గ్లూకోజ్ అణువులూ కలిపి లెక్కిస్తే లీటరుకు 245 మిల్లీ ఆస్మోల్‌లు (కరిగిన కణాల లెక్కకు కొలమానం) వస్తాయి. రక్తంలో ఇది 290 దగ్గర ఉంటుంది. ఓఆర్‌ఎస్ రక్తం కంటే కొంచెం పలుచగా ఉంది కాబట్టి పేగులోని నీరు రక్తం వైపు నడుస్తుంది. గ్లూకోజ్ శక్తి కోసం పెట్టింది కాదు. పేగు గోడలో సోడియం, గ్లూకోజ్ జంటగా లోపలికి వెళ్లే దారి ఉంది, వాటి వెంట నీరు పోతుంది. అదే ప్యాకెట్‌ను 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపితే 245 కాస్తా 1225 అవుతుంది. అప్పుడు నీరు రక్తం నుంచి పేగులోకి ఎదురు వస్తుంది, విరేచనాలు పెరుగుతాయి, రక్తంలో సోడియం ప్రమాదకరంగా ఎక్కుతుంది.

కాచి చల్లార్చిన నీళ్లు కొలిచి సరిగ్గా లీటరు తీసుకుని ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపండి. 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లూ దొరుకుతాయి, ప్యాకెట్ మీద రాసిన కొలత చూసి కలపండి. పైన పంచదార, ఉప్పు, పళ్లరసం వేయొద్దు. కొంచెం కొంచెంగా చెంచాతో పట్టండి. 24 గంటలు దాటితే పారబోయండి. పాప మగతగా ఉన్నా, మూత్రం రాకపోయినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తీపి పానీయాలు ఓఆర్‌ఎస్‌కు బదులు కావు. లీటరుకు 100 గ్రాముల పంచదార ఉంటే అదొక్కటే 292 మిల్లీ ఆస్మోల్‌లు. పేగులో ఒక్కో పంచదార అణువు గ్లూకోజ్‌గా, ఫ్రక్టోజ్‌గా రెండుగా విరుగుతుంది, కాబట్టి 585.

ప్రశ్న: మా ఆర్‌ఓ మెషీన్ వృథా నీటి గొట్టాన్ని సగం మూసి నీళ్లు ఆదా చేశాం. ఆరు నెలలకే మెంబ్రేన్ (నీటిని వడకట్టే పొర) పోయింది. బోరు నీటి టీడీఎస్ (లీటరు నీటిలో కరిగి ఉన్న లవణాలు, మిల్లీగ్రాముల్లో) 1500. (నల్గొండ)

జవాబు: ఉప్పుగా అంచనా వేస్తే 1500 టీడీఎస్ నీటికి ద్రవాభిసరణ పీడనం 1.3 అట్మాస్ఫియర్లు. పంపు అంతకుమించి నెట్టితేనే మంచినీరు పొర దాటుతుంది. ఇంటి పంపులు నాలుగైదు అట్మాస్ఫియర్ల దాకా ఇస్తాయి. వచ్చిన నీటిలో సగం మంచినీరుగా తీస్తే మిగిలింది 3000 టీడీఎస్, పీడనం 2.6. ముప్పావు తీయాలని చూస్తే 6000, పీడనం 5.1, అంటే పంపు బలం అక్కడితో సరి. ఇంతలో కాల్షియం లవణాలు పొర మీద పేరుకుని దాన్ని మూసేస్తాయి. గొట్టం చివర వృథా నీటి ప్రవాహాన్ని అదుపు చేసే ఫ్లో రిస్ట్రిక్టర్‌ను మీ మెంబ్రేన్‌కు సరిపడేదే ఉంచి, వృథా నీటిని బకెట్‌లో పట్టి నేల తుడవడానికి, మరుగుదొడ్డికి వాడండి. మొక్కలకు ఆ ఉప్పు మంచిది కాదు. సముద్రపు నీటికైతే ఈ పీడనం 27 దాకా ఉంటుంది. చెన్నై దగ్గర మీంజూరు, నెమ్మేలి ప్లాంట్ల లాంటి చోట్ల కరెంటు ఖర్చు అంత అయ్యేది అందుకే.

ప్రశ్న: ఇంటి ముందు మంచు మీద ఉప్పు చల్లితే −5లో కరిగింది, −20లో కరగలేదు. (చికాగో)

జవాబు: ఉప్పునీరు గడ్డకట్టకుండా ఉండగలిగే అట్టడుగు ఉష్ణోగ్రత −21, అదీ సరిగ్గా 23 శాతం ఉప్పు ఉన్నప్పుడు. చలి −10 దాటగానే ఉప్పు పని బాగా మందగిస్తుంది. అంత చలికి కాల్షియం క్లోరైడ్ కొనండి. మూడు అయాన్లుగా విడిపోతుంది, కరిగేటప్పుడు వేడి కూడా ఇస్తుంది.

ప్రశ్న: యూరియా ద్రావణం గడ్డకట్టే ఉష్ణోగ్రతను తరగతిలో చూపిస్తే ఒకసారి −4, ఇంకోసారి −1 వచ్చింది. పిల్లల ముందు ఎలా సరిచేయాలి? (ఉపాధ్యాయుడు, విజయనగరం జిల్లా)

జవాబు: −4 అతిశీతలీకరణ వల్ల వచ్చింది. ద్రవం గడ్డకట్టాల్సిన చోట కట్టకుండా కిందికి జారి, తొలి స్ఫటికం పుట్టగానే ఉష్ణోగ్రత ఎగిరి పైకి వస్తుంది. రాసుకోవాల్సింది ఎగిరాక నిలకడగా ఆగిన అంకె. −1 అన్నది థర్మామీటర్ సున్నా దోషం కావచ్చు. ముందు మామూలు స్వేదనజలం గడ్డకట్టించి చూడండి. అది +0.8 చూపితే ప్రతి కొలతలోంచీ 0.8 తీసేయాలి. ఒక డిగ్రీ గీతలున్న థర్మామీటర్‌తో ఈ ప్రయోగం కుదరదు, 0.1 చూపే డిజిటల్ తీసుకోండి.

రెండు గాజు గొట్టాలు పెట్టండి. ఒకదానికి 100 గ్రాముల నీటిలో 6 గ్రాముల యూరియా, రెండోదానికి 100 గ్రాముల నీటిలో 5.85 గ్రాముల ఉప్పు కలిపి, ఒక్కో గొట్టంలో 15 మిల్లీలీటర్లు పోయండి. ఎరువుల యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, ద్రావణం మసకబారుతుంది, కాబట్టి ల్యాబ్ యూరియా వాడండి. యూరియా కరిగేటప్పుడు నీరు చల్లబడుతుంది. గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఆగండి. బయటి గిన్నెలో దంచిన ఐస్ మూడు పాళ్లకు ఉప్పు ఒక పాలు వేసి, గొట్టాన్ని నేరుగా ముంచకుండా ఇంకో వెడల్పాటి గొట్టంలో దించి ముంచండి. మధ్యలో గాలి ఉంటే చల్లబడటం నెమ్మదిస్తుంది, అతిశీతలీకరణ తగ్గుతుంది. ఆపకుండా కలుపుతూ 15 సెకన్లకోసారి రాయించండి. −3 దగ్గరకు జారినా స్ఫటికాలు రాకపోతే చిన్న ఐస్ పలుకు ఒకటి వేయండి. యూరియా −1.8 దగ్గర, ఉప్పు −3.4 దగ్గర నిలుస్తాయి. బరువులు దాదాపు ఒకటే, మోల్‌లు సమానం, తగ్గుదల మాత్రం దాదాపు రెట్టింపు. గొట్టంలో ఐస్ పెరిగేకొద్దీ మిగిలిన ద్రవం చిక్కబడి అంకె మళ్లీ మెల్లగా దిగుతుంది. అందుకే ఎగిరిన వెంటనే వచ్చిన కొలతనే బోర్డు మీద రాయించండి.