రేకుల వరండాలో చించిల్లాలు వద్దు: ముందు చల్లని గది, తర్వాతే పంజరం

ప్రశ్న: సార్, మాది దేవరకొండ దగ్గర పల్లె. పత్తి, కొంత బత్తాయి తోట ఉన్నాయి. హైదరాబాద్‌లో చదువుతున్న మా అమ్మాయికి ఆమె స్నేహితురాలు విదేశాలకు పోతూ ఒక జత చించిల్లాలు ఇచ్చింది. హాస్టల్‌లో ఒప్పుకోరని వచ్చే నెల మా ఇంటికి తెస్తానంటోంది. మా దగ్గర పాత కుందేళ్ల పంజరం ఉంది, దాని అడుగు కూడా జాలీయే. అది సరిపోతుందా, వెల్డింగ్ షాపులో కొత్తది చేయించాలా? ఇంటి ముందు రేకుల వరండాలో గాలి బాగా ఆడుతుంది, అక్కడ పెట్టవచ్చా? వీటి పిల్లలను అమ్మితే మంచి డబ్బు వస్తుందని ఒకరన్నారు, నిజమేనా?
– ఒక రైతు, నల్లగొండ జిల్లా

జవాబు: పాత పంజరం సరిపోదు. రేకుల వరండా అసలే వద్దు. వాటిని తేకముందే అడిగారు, అది చాలా మంచిదయింది. పంజరం గురించి వివరంగా చెప్తాను కానీ అంతకంటే ముందు గది సంగతి తేలాలి.

చించిల్లా ఎలుక జాతికి చెందిన, ఒత్తయిన బొచ్చున్న చిన్న జంతువు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు దాని పుట్టిల్లు. చిలీ దేశంలో చలి, పొడిగాలి ఉండే రాతి కొండల మీద బతుకుతుంది. మన తల మీద ఒక కుదురు నుంచి ఒకటో రెండో వెంట్రుకలు వస్తే, దీనికి ఒక్కో కుదురు నుంచి యాభైకి పైగా సన్నని వెంట్రుకలు వస్తాయి. పైగా దీనికి చెమట పట్టదు. మన ఎండాకాలంలో దాని పరిస్థితి నిండా గొంగడి కప్పుకుని కూర్చున్నట్టే. 10 నుంచి 20 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. 25 దాటితే ఇబ్బంది మొదలవుతుంది. 28 దాటి, గాలిలో తేమ కూడా ఉంటే వడదెబ్బతో కొన్ని గంటల్లోనే ప్రాణం పోవచ్చు. మే నెలలో మీ వైపు పగలు 42, 43 డిగ్రీలు మామూలే. రేకుల కింద ఇంకా ఎక్కువ ఉంటుంది.

గాలి బాగా ఆడుతుందని రాశారు. ఆవులకు, మేకలకు అది మేలే. కానీ ఫ్యాన్ గాలి మనకు చల్లగా తగిలేది ఒంటి మీది చెమట ఆరడం వల్ల. చెమటే లేని జంతువు మీదికి 40 డిగ్రీల గాలి వీస్తే వేడి తగ్గదు. కూలర్ పెడదామనుకుంటారేమో, అది మరీ చేటు. కూలర్ గదిలో తేమ పెంచుతుంది, ఆ ఒత్తయిన బొచ్చులోకి తేమ చేరితే త్వరగా ఆరదు, చర్మానికి బూజు తెగులు పడుతుంది. తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. అందుకే వానాకాలంలో ఎండ లేకపోయినా వీటికి ఇబ్బందే, ఆ రోజుల్లో ఏసీని డ్రై మోడ్‌లో నడపాలి.

కాబట్టి స్లాబ్ ఇంట్లో, పడమటి ఎండ గోడకు తగలని ఒక గది, అందులో ఏసీ కావాలి. మార్చి నుంచి జూన్ దాకా పగలూ రాత్రీ నడవాలి. 20 నుంచి 22 డిగ్రీల మీద ఉంచండి. కరెంటు పోతే ఇళ్లలో వాడే మామూలు ఇన్వర్టర్‌తో ఏసీ నడవదు, మీ ఊళ్లో మధ్యాహ్నం ఎంతసేపు కరెంటు పోతుందో మీకే తెలుసు. జనరేటర్ గానీ, ఏసీని నడపగల బ్యాటరీ గానీ లేకుంటే ఆ గంటలే వీటి ప్రాణం తీస్తాయి. ఈ ఖర్చు మీకు భారం అనిపిస్తే మొహమాటపడకుండా ఇప్పుడే అమ్మాయికి చెప్పండి. హైదరాబాద్‌లోనే ఏసీ గది ఉండి, ఓపికగా చూసుకునే వాళ్లకు ఇప్పించడం ఆ జంతువులకు మేలు. మార్చిలో హడావుడిగా వెతికేకంటే ఇప్పుడు వెతకడం నయం.

ఏసీ ఏర్పాటు చేయగలమంటే ఇక పంజరం సంగతి.

మీ కుందేళ్ల పంజరంతో మొదటి చిక్కు అడుగు జాలీ. చించిల్లా వెనక కాలి ఎముక పొడవుగా, చాలా సన్నగా ఉంటుంది. అది నడిచే జంతువు కాదు, ఎగిరే జంతువు. నాలుగైదు అడుగుల ఎత్తుకు సులువుగా ఎగురుతుంది. దిగేటప్పుడు కాలు జాలీ గడిలో ఇరుక్కుంటే, అది భయంతో గుంజుకుంటుంది, ఎముక పుటుక్కున విరుగుతుంది. విరగకపోయినా, ఎప్పుడూ తీగల మీదే నిలబడితే అరికాళ్లు పుండ్లు పడతాయి. రెండో చిక్కు ఎత్తు. కుందేళ్ల పంజరం ఒకటిన్నర, రెండు అడుగులకు మించదు, చించిల్లాకు అందులో ఎగరడానికి చోటుండదు.

జతకు కనీసం 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు ఉండాలి. చోటుంటే ఇంకా పెద్దది చేయించండి. ఫ్రేమ్ ఇనుప యాంగిల్‌తో చేయించవచ్చు. చుట్టూ 14 గేజ్ వెల్డ్ మెష్, గడి వెడల్పు అర అంగుళం, పొడవు అంగుళం ఉన్నది వేయించండి. ఆరు మూలల గళ్లుండే పలచని కోళ్ల జాలీ వద్దు, దాన్ని కొరికేస్తుంది, లేదా కాలు ఇరికించుకుంటుంది. పెద్దవాటిని అంగుళం గడి కూడా ఆపుతుంది కానీ పుట్టిన పిల్ల అందులోంచి జారిపోతుంది. మీది ఆడ, మగ జత అయితే ఈ జాగ్రత్త తప్పదు.

వెల్డింగ్ షాపు అతనికి రెండు విషయాలు ముందే గట్టిగా చెప్పండి. ఒకటి, రెడ్ ఆక్సైడ్, ఎనామిల్ పెయింట్ వేయవద్దు. ఈ జంతువు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి కనిపించినదల్లా కొరుకుతుంది, ఆ రంగు కడుపులోకి పోతుంది. జింక్ పూత ఉన్న జి.ఐ. తీగను రోజూ కొరికితే జింక్ విషమయ్యే ప్రమాదముంది. మంచి పౌడర్ కోటింగ్ చేయించడం మేలు, కాస్త ఖర్చయినా ఇక్కడ తగ్గవద్దు. రెండు, కోసిన తీగ కొనలన్నీ బయటివైపుకే ఉండాలి. పంజరం ఇంటికి వచ్చాక మీ పత్తిలోంచే గుప్పెడు తీసుకుని లోపలి గోడలు, మూలలు, తలుపు అంచులు అన్నీ రుద్దండి. ఎక్కడ పత్తి పోగు పట్టుకుంటే అక్కడ మొన ఉన్నట్టు. ఆకురాయితో నున్నగా అరగదీసి మళ్లీ రుద్ది చూడండి. అలా అరగదీసిన చోట పూత పోతుంది కాబట్టి ఈ పని కోటింగ్‌కు ముందే ఒకసారి చేయడం మంచిది.

అడుగున రేకు ట్రే, డ్రాయర్‌లా బయటికి లాగేలా పెట్టించండి. దాని మీద వేడికి ఆరబెట్టిన పైన్ చెక్క పొరలు పరచవచ్చు, లేదా మందపాటి ఫ్లీస్ గుడ్డ పరచి రెండు మూడు రోజులకోసారి ఉతకవచ్చు. గుడ్డ అంచు దారాలు ఊడకూడదు, ఆ దారం కాలికి చుట్టుకుంటుంది. సామిల్లు పొట్టు వేయవద్దు. అందులో ఏ చెక్క కలిసిందో తెలియదు, సన్నని దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కోళ్ల షెడ్లలో వాడే వరి ఊక కూడా ఇదే కారణంతో వద్దు.

లోపల ఎక్కి దిగడానికి చెక్క పలకలు ఆరంగుళాల వెడల్పువి మెట్లలా, ఒకదానికొకటి పక్కకు జరిపి బిగించండి. రెండు పలకల మధ్య ఎత్తు అడుగుకు మించకుండా చూడండి. కాలు జారితే పైనుంచి నేరుగా అడుగు దాకా పడకూడదు, మధ్యలో ఏదో ఒక పలక ఆపాలి. చెక్క విషయంలో పొరపాట్లు చాలా జరుగుతాయి. ప్లైవుడ్, ఎం.డి.ఎఫ్.లలో జిగురు ఉంటుంది, దేవదారు జాతి చెక్కల్లో ఘాటు నూనె ఉంటుంది, ఇవేవీ వద్దు. పొలం గట్టు నుంచి గన్నేరు కొమ్మ తెచ్చి పెట్టారో, అది విషం. పైన్ చెక్క మంచిది. మార్కెట్‌లో పాత ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క చవకగా దొరుకుతుంది కానీ దాని మీది ముద్ర చూడండి. ‘హెచ్‌టి’ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, ‘ఎంబి’ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టినది. రెండోది ముట్టవద్దు. ముద్రే లేకపోయినా, నూనె, రంగు మరకలున్నా వదిలేయండి. బోల్టులకు వాషర్లు వేసి, నట్లు బయటివైపు వచ్చేలా బిగించండి.

దాక్కోవడానికి ఒక చెక్క పెట్టె ఉండాలి. పగలు నిద్రపోయే జంతువు, నిద్ర చెడితే బెదిరిపోతుంది. పైన నున్నని గ్రానైట్ పలక ముక్క ఒకటి పెట్టండి, దాని మీద పొట్ట ఆనించి పడుకుంటుంది. ఇది ఏసీకి తోడు మాత్రమే, ఏసీకి బదులు కాదు. తిరిగే చక్రం కావాలంటే కనీసం 15 అంగుళాల వ్యాసం ఉండి, పరుగెత్తే చోట కడ్డీలు, జాలీ లేకుండా గట్టి రేకు ఉన్నదే కొనండి. ప్లాస్టిక్ పలకలు, గొట్టాలు, ఇళ్లు ఏవీ లోపల ఉంచవద్దు, కొరికి మింగితే పేగు మూసుకుపోతుంది.

తలుపు పెద్దదిగా ఉండాలి, చేయి పెట్టి మూలన నక్కినదాన్ని నెమ్మదిగా తీయగలగాలి. హఠాత్తుగా పట్టుకుంటే భయంతో ఆ చోట బొచ్చంతా రాల్చేస్తుంది. గడియతో పాటు ఒక కొక్కెం కూడా పెట్టించండి. పిల్లులు, ఎలుకలు, పాములు తిరిగే ఇల్లు కాబట్టి పంజరాన్ని నేల మీద కాకుండా రెండడుగుల స్టాండ్ మీద ఉంచండి. స్టాండ్ కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడితే చీమలు ఎక్కవు. చీమల మందు పొడి మాత్రం ఆ గదిలోనే చల్లవద్దు.

ఇక్కడ మీరు తప్పక చూడాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. చాలా పత్తి రైతుల ఇళ్లలో పురుగుమందు డబ్బాలు, స్ప్రేయర్ ఓ మూల గదిలో ఉంటాయి. ఏసీ పెట్టిన గదిలో కిటికీలు మూసి ఉంటాయి కాబట్టి ఆ వాసన బయటికి పోదు. ఆ గదిలో మందులు, యూరియా, మందు కొట్టేటప్పుడు వేసుకున్న బట్టలు ఏవీ ఉండకూడదు. వంటింటి పొగ, పోపు ఘాటు తగలని చోటు చూసుకోండి.

నీళ్లకు స్టీల్ గొట్టం ఉన్న సీసా బయటినుంచి తగిలించండి. బోరు నీళ్లు పోయవద్దు. నల్లగొండలో ఫ్లోరైడ్ మనుషుల ఎముకలనే కాదు, పశువుల పళ్లను కూడా పాడుచేయడం చూస్తూనే ఉన్నాం. పళ్ల మీదే బతుకు ఆధారపడిన జంతువుకు మీ ఇంట్లో తాగే మిషన్ భగీరథ కుళాయి నీళ్లో, శుద్ధి చేసిన నీళ్లో ఇవ్వండి. మేతకు టిమోతీ ఎండుగడ్డి ఎప్పుడూ ముందుండాలి. వేరుశనగ కట్టె, ధాన్యం, బెల్లం, ఎండుద్రాక్ష అలవాటు చేయవద్దు. నీళ్లతో ఎప్పుడూ స్నానం చేయించకండి. వారానికి రెండు మూడు సార్లు, చించిల్లాల కోసమే అమ్మే సన్నని రాతి పొడిని గిన్నెలో పోసి, పది పదిహేను నిమిషాలు దొర్లనిచ్చి తీసేయాలి. వాగు ఇసుక, ముగ్గుపిండి, పొయ్యి బూడిద, మనం వాడే పౌడర్ దానికి బదులు కావు.

అమ్మకం సంగతి. దీన్ని ఆదాయమనుకుని మొదలుపెట్టవద్దని నా సలహా. ఇది సుమారు 111 రోజులు మోసి ఒకటి రెండు పిల్లలే పెడుతుంది. ఈనిన వెంటనే మళ్లీ కట్టే వీలుంది, అలా వరసగా ఈనితే తల్లి ఒట్టిపోతుంది. మగదాన్ని వేరే పంజరంలో ఉంచడమే ఉత్తమం. బొచ్చు కోసం పెంచే ఆలోచన ఎవరైనా చెప్పినా వినకండి, చించిల్లా తోళ్ల దిగుమతినే మన దేశం 2017లో నిషేధించింది. అడవి చించిల్లా అంతరించిపోయే జాబితాలో ఉన్న జీవి, దాని వ్యాపారానికి అంతర్జాతీయ నిషేధం ఉంది. పెంపుడు రకానికి ఆ నిషేధం వర్తించదు. అయినా కొన్న బిల్లు, డాక్టర్ కాగితాలు స్నేహితురాలి దగ్గర తీసుకుని, నమోదు గురించి జిల్లా అటవీ శాఖ కార్యాలయంలో ఒకసారి అడగండి. ఆదాయమే కావాలంటే పెరట్లో రాజశ్రీ, వనరాజా కోళ్లు పెట్టుకోండి, మన ఎండను అవి తట్టుకుంటాయి. చించిల్లా 10 నుంచి 15 ఏళ్లు, కొన్ని 20 ఏళ్లు కూడా బతుకుతాయి. మీ అమ్మాయి ఉద్యోగం, పెళ్లి అయ్యాక కూడా ఇవి ఉంటాయని లెక్కలో పెట్టుకోండి.

చెవులు ఎర్రబడి నరాలు తేలడం, నోరు తెరిచి ఆయాసపడడం, చొంగ కార్చడం, పక్కకు పడిపోవడం వడదెబ్బ గుర్తులు. వెంటనే చల్లని గదిలోకి చేర్చి, చెవులకు, పాదాలకు తడిగుడ్డ అద్దండి. చల్లని నీళ్లలో ముంచవద్దు, ఆ షాక్‌కే చనిపోవచ్చు. ఏదైనా జబ్బు చేస్తే ఊళ్లో గొర్రెలకు వాడే పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇవ్వనివ్వకండి. అవి దీని పేగుల్లోని మంచి సూక్ష్మజీవులను చంపి విరేచనాలతో ప్రాణం తీస్తాయి. మీ ఊరి డాక్టర్‌కు కూడా ఈ మాట ముందే చెప్పి ఉంచండి. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి ముందుగా ఫోన్ చేసి, చూపించడానికి ఎప్పుడు తీసుకురావాలో అడిగి బయలుదేరండి.

మీ పాత కుందేళ్ల పంజరాన్ని పారేయనక్కర్లేదు. అడుగున సరిపడా పైన్ పలక బిగించి, పైన గుడ్డ పరిచి, మొనలు అరగదీస్తే ప్రయాణాలకు పనికొస్తుంది. వచ్చే నెల తెచ్చేటప్పుడు కూడా తెల్లవారుజామున, ఏసీ కారులోనే తీసుకురమ్మనండి. బస్సు వద్దు. దారిలో ఆగినప్పుడు ఒక్క నిమిషం కూడా మూసిన కారులో వదలవద్దని అమ్మాయికి చెప్పండి.