గ్లోబు మీద గీతలతో కెరీర్ ఉంటుందా?

ప్రశ్న: బీఎస్సీ మ్యాథ్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. గ్లోబు మీద దారం బిగించి చూస్తే చాలా అగ్నిపర్వతాలు, పర్వతశ్రేణులు ఒకే గీత మీదకు వస్తున్నాయి. గోళీయ జ్యామితితో దీని మీదే రీసెర్చ్ చేయాలనుంది. ఆ వైపు వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొచ్చు. ముందు ఒక చిన్న లెక్క చూడండి. 200 అగ్నిపర్వతాలు తీసుకుంటే వాటిని రెండేసి చొప్పున కలిపే మహావృత్తాలు (భూమధ్యరేఖలా గోళాన్ని సరిగ్గా సగం చేసే గీతలు) 19,900 వస్తాయి. ఒక్కో గీతకు అటూ ఇటూ ఒక డిగ్రీ, అంటే దాదాపు 111 కిలోమీటర్లు వదిలితే ఆ పట్టీ భూమి ఉపరితలంలో 1.75 శాతం ఆక్రమిస్తుంది. కాబట్టి 200 పాయింట్లను గుడ్డిగా చల్లేసినా ప్రతి గీత మీదా సగటున ఇంకో మూడు నాలుగు పడతాయి, పదీ అంతకుమించి పడే గీతలు కూడా డజన్ల కొద్దీ దొరుకుతాయి! మీ గీత వీటికంటే గట్టిదని చూపించగలగాలి, అసలు పని అదే. పైగా అగ్నిపర్వతాలు ఫలకాల (భూమి పైపొరలోని కదిలే పెద్ద ముక్కల) అంచుల్లో గుంపులుగా ఉంటాయి, పోల్చేటప్పుడు అదీ లెక్కలోకి రావాలి.

19వ శతాబ్దంలో ఎలీ ద బోమాన్ అనే ఫ్రెంచి భూగర్భ శాస్త్రవేత్త పర్వతశ్రేణులను మహావృత్తాల మీద సర్ది, భూమి చుట్టూ పంచభుజాల వల గీశాడు. భూమి చల్లారి ముడుచుకుపోవడమే కారణమన్నాడు. అది నిలబడలేదు. అదే జ్యామితి 1960ల్లో మాత్రం అద్భుతంగా పనిచేసింది. ఎందుకంటే ఈసారి గీతల వెనక కదలిక ఉంది: గట్టి ఫలకం గోళం మీద ఎటు జరిగినా అది ఏదో ఒక అక్షం చుట్టూ తిరగడమేనని గణిత శాస్త్రవేత్త ఆయిలర్ సిద్ధాంతం చెబుతుంది. అందుకే అట్లాంటిక్ అడుగున ఉన్న ట్రాన్స్‌ఫార్మ్ ఫాల్టులకు (రెండు ఫలకాలు పక్కపక్కన రాసుకుంటూ జరిగే పగుళ్లకు) లంబంగా మహావృత్తాలు గీస్తే అవన్నీ దాదాపు ఒకే చోట, అంటే ఆ అక్షం భూమి ఉపరితలాన్ని తాకే చోట కలుస్తాయి. అమెరికన్ జియోఫిజిసిస్ట్ జేసన్ మోర్గాన్ 1968లో చూపించింది ఇదే, నా దృష్టిలో ఈ సబ్జెక్టులో ఇంతకంటే అందమైన ఫలితం లేదు.

ఇక చదువు సంగతి. 'అలైన్‌మెంట్ల నిపుణుడు' అనే ఉద్యోగం ఉండదు, టెక్టానిక్స్ (ఫలకాల కదలికల అధ్యయనం), జియోడెసీ (భూమి ఆకారం, కొలతల శాస్త్రం), భూకంప శాస్త్రం, ఖనిజాన్వేషణ ఉంటాయి. పీజీలో జియోఫిజిక్స్ వైపు వెళ్లండి, మ్యాథ్స్ డిగ్రీతో చేర్చుకుంటారో లేదో, ఫిజిక్స్ తప్పనిసరో కాదో ఇప్పుడే కనుక్కోండి. స్టాటిస్టిక్స్, పైథాన్ ఈ ఏడాదే మొదలుపెట్టండి, స్ట్రక్చరల్ జియాలజీ (రాళ్ల మడతలు, పగుళ్ల అధ్యయనం) కూడా కొంత చదవాలి, ఎందుకంటే రాయిని చూడకుండా గీసిన గీతను జియాలజిస్టులు నమ్మరు. ఫలకాల పాత కదలికలను చూపించే జీప్లేట్స్ సాఫ్ట్‌వేర్ ఉచితమే. దాంట్లో రెండు ఫలకాలను వెనక్కి తిప్పి చూసి, ఆ తర్వాత మీ గీత మీద ఉన్నవాటి వయసులు పక్కపక్కన రాయండి. ఒకటి కోటి ఏళ్లది, ఇంకొకటి వంద కోట్ల ఏళ్లది అయితే, అవి పుట్టినప్పుడు కూడా ఒకే వరసలో ఉన్నాయా అన్నదే మీ మొదటి ప్రాజెక్టు.