పెద్దమ్మ పాసుబుక్కు, నా కరెంట్ అఫైర్స్

సివిల్స్‌కి, గ్రూప్-1కి కలిపి కరెంట్ అఫైర్స్, సంక్షేమ పథకాలు చదవాలంటే ఏ మ్యాగజైన్ మంచిది, ఎన్ని నెలలవి చదవాలి అని అడిగారు.

హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో మూడేళ్లు ఉన్నాను. ఏడాది మ్యాగజైన్లన్నీ కొని, అందులో పదకొండు మంచం కింద దాచినవాణ్ణి. ఆ అనుభవంతో చెప్తున్నా, పథకాలు మ్యాగజైన్‌లో చదివితే వచ్చేవి కావు. మీ ఇంట్లో ఎవరికి ఏ డబ్బు పడుతోంది, ఎవరికి ఎందుకు ఆగింది, అది కనుక్కోండి.

2024 ఎండాకాలం సంగతి. ఎన్నికలని మే 26 సివిల్స్ ప్రిలిమ్స్‌ని జూన్ 16కి జరిపారు. ఇంకో నెల రూమ్ అద్దె ఎక్కడ తేవాలి? పుస్తకాలు మూటగట్టుకుని ఊరికొచ్చేశా. మాది అనంతపురం జిల్లా. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న బండ్లపల్లిలో మొదలైందని మీరంతా బట్టీ పట్టే బిట్టు ఉందే, ఆ బండ్లపల్లి మా జిల్లాదే. మా ఊళ్లో మాత్రం దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు, కరువు పని అంటారు.

ఒకరోజు అమ్మకి సద్ది ఇవ్వడానికి కుంట తవ్వే చోటికి వెళ్లా. మేట్‌గా, అంటే కూలీల హాజరు చూసే పని చేసే పిల్ల హాజరు ఫోటో తీసి, సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తుకుని గట్టు మీద అటూ ఇటూ తిరుగుతోంది. నన్ను చూసి మా పెద్దమ్మ పార పక్కన పెట్టింది.

"ఏం నాయనా, పగలూ రాత్రీ అదే పుస్తకం పట్టుకుంటావంటనే. పదైదు దినాల్లో దుడ్లు పడాలని దాంట్లో ఉందా?"

"ఉంది పెద్దమ్మా. లేటయితే దానికి పరిహారం కూడా ఇవ్వాలి" అన్నా గొప్పగా.

"మరి నాకు ఆరు వారాలాయె. అందరికీ పడినాయి, నాకే పడలేదు."

నా దగ్గర జవాబు లేదు. ఆ ఏడాది జనవరి 1 నుంచి ఉపాధి కూలికి ఆధార్ ఆధారిత చెల్లింపు తప్పనిసరి అన్న లైను నా నోట్సులో ఉంది. పసుపు స్కెచ్‌తో గీత కూడా కొట్టా. అంటే ఏమిటో మాత్రం తెలీదు.

మర్నాడు ఆమెను బండి మీద మండలంలో ఉన్న బ్యాంకుకి తీసుకెళ్లా. భోజనాల వేళ అయిపోయేదాకా కూర్చోబెట్టి, చివరికి కౌంటర్‌లో ఆయన చెప్పిందేమిటంటే, ఆమె ఆధార్ వేరే బ్యాంకుకి మ్యాప్ అయి ఉంది. ఆధార్ మీద పంపే డబ్బు జాబ్ కార్డులో రాయించిన ఖాతాకి పోదు, ఆధార్ ఏ ఖాతాకి చివరగా ముడిపడి ఉంటే దానికి పోతుంది. పెద్దమ్మ చాలాసేపు ఆలోచించి, రెండేళ్ల కింద గుడి దగ్గర ఎవరో క్యాంపు పెట్టి జీరో ఖాతా తెరిపించారని, వేలిముద్ర వేశానని చెప్పింది. ఆ పాసుబుక్కు బియ్యం డబ్బా అడుగున దొరికింది.

ఆ బ్యాంకు ఇరవై కిలోమీటర్లు. ఎంట్రీలు కొట్టిస్తే ఏడు వేల చిల్లర ఉంది. ఆ ఏడాది రోజుకూలి 300 అని మనం బిట్టు చదివాం కదా, తవ్వినంత పనికే కూలి కాబట్టి కుంట కొలతలు తీశాక ఆమెకి పడింది రోజుకి 210, 220.

ఇది ఏ మ్యాగజైన్‌లో ఉంది చెప్పండి. ఉన్నా ఆ తెలుగు అర్థం కాదు. పథకం పనులూ లెక్కలూ ఊళ్లోనే తనిఖీ చేసి జనం ముందు చదివే పద్ధతి ఉంది కదా, మా ఊళ్లో చదువురాని ముసలాళ్లు కూడా దాన్ని సామాజిక తనిఖీ, ప్రజావేదిక అని మాట్లాడతారు. మెటీరియల్ రాసేవాళ్లకి ఆ మాటలు దొరకవు, 'సాంఘిక లెక్కపరీక్షణ' అని రాస్తారు. మెయిన్స్ తెలుగులో రాసే మనలాంటివాళ్లకి ఇంతకంటే శిక్ష ఏముంటుంది? దానికి మళ్లీ ఫీజు.

ఈ పాసుబుక్కు సంగతే ఒక టెస్ట్ సిరీస్‌లో 15 మార్కుల జవాబుగా రాశా. 3 వేసి, పక్కన 'డేటా లేదు, కమిటీల పేర్లు లేవు' అని ఎర్ర ఇంకుతో రాశారు. నేను రాసిందే కరెక్టని ఇప్పటికీ అంటాను. ఆ ఏడాది ప్రిలిమ్స్ పోయింది నిజమే, కానీ అది పాలిటీ ప్రశ్నలకి జవాబు పత్రంలో గళ్లు తప్పు దిద్దడం వల్ల, దీనికి సంబంధం లేదు.

బ్యాంకు బయటికొచ్చాక, ఆధార్‌ని పాత ఖాతాకే మార్పిద్దాం, ఫారం నేను నింపుతా అన్నా. పెద్దమ్మ పాసుబుక్కుని కొంగులో చుట్టి రొంటిన దోపుకుంది.

"వద్దులే నాయనా. ఆ పాత ఖాతా కార్డు మీ అన్న దగ్గరుంది. దీంట్లోనే పడనీ. నువ్వు మాత్రం ఇంట్లో చెప్పొద్దు."

ఇప్పటికీ నెలకోసారి నేనే బండి మీద తీసుకెళ్తున్నా. మ్యాగజైన్ అంటారా, ఏదో ఒకటి కొనండి. పాతవైతే నా దగ్గర పదకొండు ఉన్నాయి, గీతలు కూడా లేవు.