స్నేహితుడి పేరిట చిన్న పుస్తకం వేసేటప్పుడు

చి. అబ్బాయికి ఆశీస్సులు.

మీవాడు పోయి రెండు నెలలైనా కాలేదు, అప్పుడే ఏడాదినాటికి పుస్తకం తేవాలని అడిగావు. తొందరేం కాదు, సరైన సమయమే. అయితే వ్యాసాల మాట తర్వాత. ముందు ఫోన్ల సంగతి చూడు, గడువున్నది దానికే.

120 రోజులు కదలిక లేకపోతే వాట్సాప్ ఖాతా మామూలుగా తీసేస్తారు. రీఛార్జి లేని నంబరు కొన్ని నెలలకు ఇంకెవరికో పోతుంది. అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇంట్లోనే ఉంది. ఫోన్ ఊరికే పడి ఉందని, మొత్తం చెరిపేసి ఏ మేనల్లుడికో ఇచ్చేస్తారు. అందుకని వాళ్ళావిడతో మాట్లాడి, ఏడాదిపాటు ఆ ఫోన్ చెరపొద్దని, ఎవరికీ ఇవ్వొద్దని, అప్పుడప్పుడు నెట్ పెట్టి వాట్సాప్ తెరవమని చెప్పు, రీఛార్జి నువ్వే చేయించు. అతను నీకు పంపిన వాయిస్ మెసేజీలు నీ ఆండ్రాయిడ్ ఫోన్లో వాట్సాప్ ఫోల్డరు లోపల వాయిస్ నోట్స్ అన్నచోట, వారానికొక ఫోల్డరుగా ఉంటాయి. వాటిని కంప్యూటర్లోకీ పెన్ డ్రైవులోకీ, రెండుచోట్లకి ఎక్కించు. చాట్ ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఫోటోలతో కలిపితే 10,000 మెసేజీల వరకే వస్తాయి, అవి లేకుండా అయితే 40,000 వరకు వస్తాయి. రెండు రకాలుగానూ చేసిపెట్టుకో.

పాత ఫోటోల దగ్గర చెయ్యి జాగ్రత్త. జిగురు పేజీల ఆల్బంలో అంటుకుపోయిన ఫోటోను గోరుతో లాగితే మొహం మీద పొర ఊడొస్తుంది. పేజీతో సహా స్కాన్ చెయ్యి. ఫ్రేము అద్దానికి అతుక్కుంటే అద్దంతోనే స్కాన్ చేయించు. 300 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క) తక్కువలో తక్కువ. చిన్న పాస్‌పోర్టు ఫోటోని పెద్దది చేయాలంటే 1200 పెట్టాలి. స్కాన్ చేసినవి వాట్సాప్‌లో మామూలు ఫోటోలుగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంటుగా పంపమను. ఎవరెవరో ఎడమ నుంచి కుడికి అప్పుడే రాసుకో. ఫోటో వెనక రాస్తే మెత్తటి పెన్సిల్‌తోనే రాయి. బాల్‌పెన్ను ఒత్తిడికి ముందువైపు గీత తేలుతుంది.

ఇక రాతలు. పుస్తకం నిలిచేదీ కూలేదీ ఇక్కడే. “అతని గురించి రెండు ముక్కలు రాయండి” అని అడిగావో, అందరూ స్నేహశీలి, మృదుస్వభావి, లేని లోటు తీరనిది అనే రాస్తారు. పేరు మార్చి ఎవరికైనా వేసుకోవచ్చు ఆ వ్యాసాన్ని. ఒక్కొక్కళ్ళకీ వేరువేరుగా ప్రశ్న వెయ్యి. నిన్నేమని పిలిచేవాడు? మీరిద్దరూ దేనికి మాట్లాడుకోవడం మానేశారు, మళ్ళీ ఎవరు ముందు పలకరించారు? హోటల్‌కి వెళ్తే ఏం చెప్పేవాడు? డబ్బు లెక్క ఎలా చూసేవాడు? ఒక్క సంఘటన, 500 మాటలు, నెలరోజుల గడువు. ఇరవైమందిని అడుగు, పదీ పన్నెండు వస్తే అదృష్టమే. గడువుకి పదిరోజుల ముందు ఫోన్ చెయ్యి. మెసేజీకి ఎవరూ కదలరు.

రాయడం అలవాటులేని వాళ్ళ దగ్గరే అసలు సరుకు ఉంటుంది. అతను రోజూ టీ తాగిన కొట్టాయన, పక్క సీట్లో పనిచేసిన అటెండరు, చిన్నప్పటి ట్యూషన్ మాస్టారు. వాళ్ళింటికే వెళ్ళి రికార్డు చెయ్యి. ఫ్యాను ఆపించు, ఫోన్ని మడతపెట్టిన తువ్వాలు మీద పెట్టు, బల్లమీద పెడితే ప్రతి గ్లాసు చప్పుడూ వినిపిస్తుంది. ఇరవై నిమిషాలు చాలు. కాగితం మీద పెట్టేటప్పుడు వాళ్ళ యాసను పుస్తకాల భాషలోకి దిద్దకు.

ఒకే సంఘటన నలుగురు రాస్తే, దగ్గరుండి చూసినవాళ్ళది ఉంచి మిగతావాళ్ళని ఇంకోటి అడుగు. పుట్టినరోజు పదో తరగతి సర్టిఫికెట్లో ఒకటీ ఇంట్లో ఒకటీ ఉండటం మనవైపు మామూలే, వాళ్ళమ్మగారిని అడిగి వెయ్యి. అప్పులు, జబ్బు చివరిరోజుల వివరాలు ఎవరు రాసినా, ప్రెస్సుకి ముందు వాళ్ళావిడకి మొత్తం చదివించు. ఆమె కొట్టేయమన్నది ఎందుకని అడక్కుండా కొట్టేసెయ్యి.

డెమీ సైజు (మామూలు తెలుగు పుస్తకం సైజు) చాలు, పేజీకి సుమారు 200 మాటలు పడతాయి. పన్నెండు వ్యాసాలకి శీర్షికలూ మధ్య ఖాళీలూ కలుపుకుని నలభై పేజీలు, అతని ఉత్తరాలకీ చిన్న జీవిత పరిచయానికీ పన్నెండు, టైటిలూ విషయసూచికా ముందుమాటా కలిపి ఎనిమిది, చివర నాలుగు ఖాళీ. మొత్తం 64. ఫారానికి (ఒకే పెద్ద కాగితం మీద వేసి మడిచే కట్టకి) 16 పేజీలు కాబట్టి సరిగ్గా నాలుగు ఫారాలు. 66 అయితే రెండు పేజీల కోసం ఇంకో ఫారం లెక్కలోకి వస్తుంది. లోపల 70 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) మ్యాప్‌లిథో అనే మామూలు పుస్తకాల కాగితం, ఫోటోలకి విడిగా ఎనిమిది పేజీలు 130 జీఎస్ఎం ఆర్ట్ పేపరు, అట్టకి 300. వంద, నూటయాభై ప్రతులే అయితే డిజిటల్‌లో వేయించు. ఆఫ్‌సెట్ ప్లేట్ల ఖర్చు అంత తక్కువకి గిట్టదు. ఫోన్లో టైపు చేసిన యూనికోడ్ వ్యాసాన్ని ప్రెస్సువాళ్ళు తాము వాడే పాతరకం ‘అను’ ఫాంట్లలోకి మార్చినప్పుడు వత్తులు చెదురుతాయి. అంచేత ప్రూఫు తెరమీద కాదు, కాగితం మీద రెండుసార్లు, రెండోసారి ఏమీ రాయని మనిషి చేత చదివించు. పేర్లూ తేదీలూ ఒక్కటే చూసుకుంటూ ఇంకోసారి.

పుస్తకం ఎప్పుడు ఇవ్వాలో అతని ఇంట్లోవాళ్ళని అడిగే నిర్ణయించు. వాళ్ళు సంవత్సరీకం తిథి ప్రకారం పెడతారు. చాంద్రమాన సంవత్సరం 354 రోజులే కనక తిథి మామూలుగా తేదీకంటే పదకొండు రోజులు ముందుకొస్తుంది. కానీ 2026లో అధిక జ్యేష్ఠం అని ఒక నెల అదనంగా ఉంది. మీవాడు పోయింది 2025 శ్రావణంలో కాబట్టి తిథి తేదీ దాటాక సుమారు పందొమ్మిది రోజులకి పడుతుంది. సంవత్సరీకం నాడు ఆ ఇంట్లో తీరిక ఉండదు, పుస్తకం ఇచ్చే సభ ఆరోజు పెట్టకు.

సభ గంటన్నర మించొద్దు. మాట్లాడేవాళ్ళు ఐదుగురు, తలా ఐదు నిమిషాలు. పెద్ద నాయకుణ్ణి పిలిస్తే ఆయన కోసం గంట ఎదురుచూసి, మీవాడి పేరు తప్పు పలకగా వినాల్సి వస్తుంది. శాలువాలు వద్దేవద్దు. అతని గొంతు వినిపించాలనుంటే, ముందే వాళ్ళావిడకీ అమ్మగారికీ చెప్పి, వాళ్ళు సరేనంటేనే, చివర్లో ఒక్క నిమిషం. చెప్పకుండా మైకులో వినిపించడం ఘోరం.

చివర ఖాళీగా వదలమన్న ఆ నాలుగు పేజీలు దండగ అంటాడు ప్రెస్సాయన. ఒప్పుకోకు. అమ్మగారికిచ్చే ప్రతిని సభలో ఒక బల్లమీద పెన్నుతో సహా పెట్టించు. పుస్తకానికి రాయనివాళ్ళు ఆరోజు అందులో రాస్తారు. ఇంటికి వెళ్ళేటప్పుడు ఆ ప్రతి మరిచిపోకుండా ఆమె చేతికివ్వు.