బొమ్మలు వేయడం రాని టీచర్ ప్రైమరీ స్కూల్లో డ్రాయింగ్ పీరియడ్ ఎలా నడపాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: చిత్తూరు దగ్గర ప్రాథమిక పాఠశాలలో కొత్తగా ఎస్‌జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచర్‌గా) చేరారు, ఒకటి నుంచి ఐదో తరగతి వరకు పిల్లలున్నారు, డ్రాయింగ్ మాస్టారు పోస్టు లేదు, మీకేమో గీత గీస్తే వంకర పోతుంది. టైంటేబుల్లో ఆర్ట్ పీరియడ్ ఉంది, అందులో ఏం చేయాలి, ఎలా మార్కులేయాలి అని టెన్షన్.

నేను తిరుపతి, చంద్రగిరి మధ్య బళ్ళలో చాలా ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. మీకు బొమ్మలు రాకపోవడం పెద్ద అడ్డంకి కాదు, నన్నడిగితే ప్రైమరీలో కొంత మంచిదే. బొమ్మలు బాగా వచ్చిన టీచరైతే బోర్డు మీద మామిడికాయ వేస్తారు, పిల్లలు దాన్ని చూసి దించుతారు, అందరి నోటుబుక్కుల్లోనూ అదే మామిడికాయ, అదే వంపు, పక్కన అవే రెండు ఆకులు. ఆ పీరియడ్‌లో మామిడికాయను చూసినవాడు టీచర్ ఒక్కడే. పిల్లలు చూసింది బోర్డును. కాబట్టి ఒక్క నియమం పెట్టుకోండి, దించడానికి బొమ్మ ఇవ్వొద్దు, చూడడానికి వస్తువు ఇవ్వండి.

ఇది మా పిల్లల దగ్గర బాగా తెలిసేది కొండ బొమ్మలో. "కొండ వెయ్యండిరా" అంటే చాలు, రెండు త్రికోణాలు, మధ్యలో పొడుస్తున్న సూర్యుడు, కిందికి ఏరు, ఒక గుడిసె, ఒక కొబ్బరి చెట్టు. కిటికీ తీస్తే ఎదురుగా శేషాచలం! దానికి త్రికోణం ఎక్కడుంది? పైన దాదాపు చదునుగా పొడుగ్గా సాగిపోతుంది, పైభాగంలో నిట్టనిలువు రాతి అంచు, దాని కింద వాలుగా అడవి. నేను పిల్లల్ని ఆరుబయట కూర్చోబెట్టి, పెన్సిల్ ముట్టుకోనివ్వకుండా, ఒక కన్ను మూసుకుని కొండ అంచు వెంబడి గాల్లో వేలు జరపమంటాను. ఎక్కడ ఎత్తుగా ఉంది, ఎక్కడ తెగింది, రాయి ఎక్కడ కనిపిస్తోంది, చెట్లు ఎక్కడ మొదలవుతున్నాయి, పొద్దున చూసిన రంగే ఇప్పుడూ ఉందా అని అడుగుతూ ఉంటాను. ఆ తర్వాతే కాగితం. అప్పుడొచ్చే కొండల్లో ఏ రెండూ ఒకేలా ఉండవు, ఘాట్ రోడ్డు మీద బస్సులు కూడా ఎక్కుతుంటాయి. మీ వైపు గుండ్రాళ్ళు పేర్చినట్టుండే గుట్టలు కదా, మా కొండకంటే అవే తేలిక, ఒక్కో బండ ఆకారం విడిగా తెలుస్తుంది.

ఇంకోటి, పిల్లల కాగితం మీద మీ పెన్సిల్ పెట్టొద్దు. "సార్, నాకు కుక్క రాదు, మీరే వేసివ్వండి" అని ఒకడు తప్పకుండా వస్తాడు. వేసివ్వకండి. మీ ఇంటి దగ్గర కుక్క చెవులు నిలబడతాయా వేలాడతాయా, పడుకున్నప్పుడు తోక ఎక్కడ పెడుతుంది అని అడగండి, వాడే వెళ్ళి వేసుకుంటాడు. అవ్వ ఇంటికంటే పెద్దగా ఉన్నా, బస్సుకు నాలుగు చక్రాలూ ఒకే వైపు ఉన్నా, గోడ ఉండాల్సిన చోట లోపలి మంచం కనిపిస్తున్నా దిద్దొద్దు. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే చిత్రకళా బోధన నిపుణుడు 1947లోనే పిల్లల బొమ్మలు వయసుతో ఎలా మారతాయో దశలుగా రాశాడు. సుమారు నాలుగు నుంచి ఏడేళ్ళ మధ్య మనుషులు, వస్తువులు కాగితమంతా తేలుతుంటాయి, ఏడు దాటాక అడుగున నేల గీత వస్తుంది, అన్నీ దాని మీద నిలబడతాయి, తొమ్మిది దాటాక "నిజంలా లేదు" అని వాళ్ళకే అసంతృప్తి మొదలవుతుంది. ఒకటో తరగతి పిల్లాడికి దూరంగా ఉన్నది చిన్నగా వెయ్యాలని చెప్పడం దండగ. నాలుగు, ఐదు తరగతుల్లో వాళ్ళే అడుగుతారు, అప్పుడు చెప్పండి.

డిజైన్ అంటే చాలామంది టీచర్లు భయపడతారు కానీ మన దగ్గర ప్రతి వాకిట్లో ఉన్నదే అది. ముగ్గు. మధ్య వరుసలో ఏడు చుక్కలు, దానికి అటూ ఇటూ నాలుగు వచ్చేవరకు సందు చుక్క (ముందు వరుసలోని రెండేసి చుక్కల నడుమ ఒకటి) పెట్టమనండి, మొత్తం ఎన్ని చుక్కలో లెక్కేయమనండి (ముప్పై ఏడు రావాలి, రాకపోతే ఎక్కడో వరుస తప్పింది), ఆ తర్వాత ఎవరి ముగ్గు వాళ్ళే కట్టుకోవాలి, అమ్మ వేసేది వేయకూడదు. ఒక పక్క గీసింది రెండో పక్కకు ఎలా తిప్పాలో ఆలోచించడంలోనే సౌష్ఠవం మొత్తం వచ్చేస్తుంది, లెక్కల పుస్తకంలో అద్దం పెట్టి చెప్పే పాఠం ఇంత బాగా ఎక్కదు. మెలికల ముగ్గు ఐదో తరగతికి పెట్టుకోండి, గీత ఎక్కడా తెగకుండా చుక్కల చుట్టూ తిరిగి మొదలైన చోటికే రావాలి. "మొగపిల్లోళ్ళకు ముగ్గేంది సార్" అని మొదట్లో అంటారు. మెలికల ముగ్గును పోటీగా పెడితే ఆ మాట మళ్ళీ వినపడదు.

రెండో డిజైన్ పని నాకు బాగా ఇష్టమైనది, అవ్వకు వక్కాకు సంచి. పాత పేపరు, మైదా జిగురు, అంతే. కానీ చేసే ముందు ఇంటికెళ్ళి అవ్వను గమనించి రావాలి. ఆకు మడవకుండా పెడుతుందా, సున్నం డబ్బా ఎంతుంటుంది, వక్కలు రాలిపోతాయా, డబ్బులు కూడా అందులోనే పెట్టుకుంటుందా, నడుముకు దోపుకుంటుందా చేత్తో పట్టుకుంటుందా. ఎన్ని అరలు కావాలో అక్కడే తేలుతుంది. చేసి అవ్వకిచ్చి, ఏం బాగాలేదో అడిగి, మళ్ళీ చేయాలి. మా అవ్వలు మొహమాటపడరు లెండి, మొదటి సంచిని చాలావరకు వాళ్ళే తిప్పి పంపిస్తారు. వాడేవాళ్ళను అడిగి చేయడం, చేసింది పనికిరాకపోతే మార్చడం, డిజైన్లో ప్రైమరీ పిల్లలకు ఇంతకంటే అక్కర్లేదు.

మన జిల్లాల్లో ఉన్న చేతిపనులను వాడుకోకపోవడం అన్యాయం. పలమనేరు మట్టి బొమ్మలు మీకు దగ్గర, ఏర్పేడు దగ్గర మాధవమాల కొయ్య బొమ్మలు మాకు దగ్గర. శ్రీకాళహస్తి కలంకారీ అయితే సైన్సూ ఆర్టూ కలిసిన పాఠం. అక్కడ నూలు గుడ్డను కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు, పాలలోని కొవ్వు వల్ల రంగు అటూ ఇటూ పాకదు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, నీళ్ళు కలిపి రెండు మూడు వారాలు పులియబెడితే వచ్చేది కసిమి, నల్ల రంగు అదే. కుండలో చూస్తే అంత నల్లగా ఏమీ ఉండదు, కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం, ఇనుము కలవడం వల్ల అలా జరుగుతుంది. పిల్లల ముందు ఇది చేసి చూపిస్తే ఆ అరుపులు పక్క క్లాసుకు వినిపిస్తాయి. కరక్కాయ పొడి మూలికల కొట్లో దొరుకుతుంది. ఇనుముకు తుప్పు మేకులు చాలు, కుండలో మీరే వేయండి, పిల్లల చేతికివ్వొద్దు, మూత గట్టిగా బిగించొద్దు, గ్యాస్ వస్తుంది. వెదురు పుల్ల కొస చెక్కి, కొంచెం పైన ఉన్ని గానీ గుడ్డ గానీ చుట్టి దారంతో కడితే కలం. ఆ చుట్టును నొక్కితే రంగు కొసకు దిగుతుంది.

అంత ఓపిక లేకపోతే పెరట్లో దొరికే రంగులు చాలు. పసుపు నీళ్ళలో సున్నం వేస్తే ఎరుపు. శంఖపుష్పం నీలానికి నిమ్మరసం పిండితే ఊదాలోకి తిరుగుతుంది. లేత టేకు ఆకు నలిపితే అరచెయ్యి ఎర్రబడుతుంది. బచ్చలి పండ్ల గురించి మీరు చెప్పక్కర్లేదు, వాళ్ళకే తెలుసు, చొక్కాలు మాత్రం జాగ్రత్త.

కొనాల్సినవి తక్కువే. చిన్నపిల్లలకు లావు క్రేయాన్లు, పెద్దవాళ్ళకు పెన్సిళ్ళు. రబ్బరు నేనైతే ఇవ్వను, ఇస్తే పీరియడంతా తుడుస్తూనే ఉంటారు. కాగితానికి పాత క్యాలెండర్ల వెనకవైపు బాగుంటుంది. టీటీడీ క్యాలెండర్ మాత్రం వద్దు, ముందువైపు స్వామి ఉంటాడు, నేల మీద పెట్టడానికి పిల్లలే ఒప్పుకోరు, ఇళ్ళలో కూడా గొడవ. చీటీల కంపెనీ, నగల కొట్టు క్యాలెండర్లు తెమ్మనండి.

ఆగస్టు 15కో, ఎవరైనా ఆఫీసర్ వస్తున్నప్పుడో "గోడ మీదకు నీట్‌గా నాలుగు బొమ్మలు కావాలి" అని పైనుంచి అడుగుతారు. నేను పనిచేసిన ఒక బడిలో టీచరే గీసిచ్చి పిల్లల చేత రంగులు వేయించి, కింద పిల్లల పేర్లు రాయించేవారు. మీరు పిల్లలవే పెట్టండి, కింద వాళ్ళు చెప్పిన ఒక వాక్యం వాళ్ళ మాటల్లోనే రాయండి. "ఇది మా నాయన టమాటాలు మదనపల్లి మార్కెట్‌కు ఏసకపోయే ఆటో" అని ఉంటే ఏ ఆఫీసరైనా ఆగి చదువుతాడు.

ఇక మార్కులు. ఎవరి బొమ్మ అందంగా ఉందని వేయకండి. ఒక్కొక్కరికి ఒక అట్ట ఫైలు పెట్టి, నెలకు ఒకటి రెండు కాగితాలు అందులో దాచండి, జూన్‌లో వేసిన కొండ పక్కన జనవరిలో వేసిన కొండ పెట్టి చూస్తే, మునుపటికంటే ఏమేం ఎక్కువ చూశాడో మీకే తెలుస్తుంది, గ్రేడు దాన్ని బట్టి వేయండి. అమ్మానాన్నలు మీటింగుకు వచ్చినప్పుడు కూడా అదే ఫైలు చేతికివ్వండి. పేరు, తేదీ కాగితం వెనకే రాయించండి, ముందువైపు రాయమంటే సగం మంది ఆకాశం మొత్తం పేరుతోనే నింపుతారు.