చిట్టీ, ఆల్చిప్పల దగ్గరికి వెళ్లేముందు

చిట్టీ,

నువ్వు ప్రాజెక్టుకి మంచినీటి ఆల్చిప్పల సర్వే తీసుకున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, నువ్వే మాన్పించాలి" అని సగం ఏడుస్తూ చెప్పింది. నేను మాన్పించను. ఫోన్ పెట్టేశాక కాసేపు గర్వంగా నవ్వుకున్నాను కూడా. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు. నీకు ఈత రాదు కదే!

అందుకే ముందు నీళ్ల సంగతి. శారదా నదిలో మోకాలి లోతే అనుకున్న చోట ఇసుక తవ్విన గుంత ఉండొచ్చు, పైనుంచి తెలీదు. కర్రతో పొడిచి చూడకుండా అడుగు వెయ్యకు. ఒక్కదానివే దిగకు. తుపాను హెచ్చరిక వచ్చిందంటే ఇల్లు కదలకు. కొండకర్ల ఆవ సరస్సులో తాటి దోనె ఎక్కితే ఫొటోల కోసం లేచి నిలబడకు.

నీళ్ల అడుగున చదరపు చట్రం వేసి అందులో ఉన్నవి లెక్కపెట్టడం మీ మేడమ్ నేర్పే ఉంటారు. బతికినవి, ఖాళీవి వేరువేరుగా రాయి. పిల్ల చిప్పలు కంటికి ఆనవు, వేళ్లతో బురద తడిమితేనే దొరుకుతాయి. గోస్తని నదిలో భీమిలి దగ్గరికి పోయేకొద్దీ ఉప్పునీరు కలుస్తుంది, అక్కడి గుల్లలు నీ లెక్కలోకి రావు.

ఇక నేను చేసిన వెధవ పని చెబుతాను. మీ అమ్మకి కూడా తెలీదు.

1983లో, ఎమ్మెస్సీ రెండో ఏడు, నేనూ కొండకర్లకే వెళ్లాను. లామెల్లిడెన్స్, పారేసియా అని రెండు రకాల మంచినీటి ఆల్చిప్పలు, వాటికి తేడా పట్టాలి. పొడుగ్గా, నున్నగా ఉంటే లామెల్లిడెన్స్. పొట్టిగా, దళసరిగా, పైన ఉబ్బెత్తు దగ్గర ముడతలు ముడతలుగా ఉంటే పారేసియా. అంతవరకూ బయటినుంచే తెలుస్తుంది. నాకు అది చాల్లేదు. రెండు చిప్పలూ కలిసే చోట లోపల పళ్లుంటాయి, జాతిని ఖాయంగా చెప్పేవి అవే అని పుస్తకంలో చదివాను. కూరగాయల కత్తి పట్టుకెళ్లి, బతికున్న వాటిని ఒక్కొక్కటే బలవంతంగా విప్పాను. మూసుకునే కండరం తెగితే ఇక అది బతకదు. పద్నాలుగు విప్పాను. పద్నాలుగూ లామెల్లిడెన్సే!

గట్టుమీద కాళ్లకంటిన నాచు కడుక్కుంటున్న ఒక ముసలమ్మ చూస్తూనే ఉంది. చివరికి, "ఏటమ్మా, ఆ సచ్చిన సిప్పలు ఇన్ని పడున్నాయి గదా, ఆటికి పళ్లుండవేటి?" అంది. నా కాళ్ల దగ్గరే కొంగలు తిని పారేసినవి కుప్పగా ఉన్నాయి. ఎండకి వెలిసినా పళ్లు చక్కగా కనిపిస్తున్నాయి. నాకు నోట మాట రాలేదు.

అక్కడితో అయిపోలేదు. ల్యాబుకి తెచ్చి చూస్తే కొన్నిటి మొప్పలు ఉబ్బి ఉన్నాయి. కాస్త గీకి మైక్రోస్కోపు కింద పెడితే వందలకొద్దీ పిల్లలు. బుల్లి బుల్లి రెండు రెక్కల చిప్పలు, తెరుచుకుంటూ మూసుకుంటూ. వాటిని గ్లోకిడియా అంటారని అప్పటికే చదివాను, చేప మొప్పకో రెక్కకో అతుక్కుని కొన్నాళ్లుంటే గానీ పెద్దవి కావని తెలుసు. చదవడం వేరు, చూడడం వేరు. నేను ఆ రోజు అన్నం తినలేదు. రికార్డులో మాత్రం "నమూనాలు 14" అని నీటుగా రాశాను.

కాబట్టి కత్తి ఇంట్లో పెట్టి వెళ్లు. పళ్లు చూడాలంటే ఖాళీ చిప్పలు ఏరుకో. బతికినదాన్ని తీసేముందే ఏ కొస బురదలో ఉందో చూసుకుని, కొలిచాక అలాగే గుచ్చి పెట్టు. గట్టునుంచి విసిరితే ఊరుకోను. బకెట్ ఎండలో పెట్టకు, నీడ జరుగుతుందని మర్చిపోకు. జాలర్లని అక్కడ ఏ చేపలు పడతాయో అడిగి రాసుకో, ఆ చేపలు లేకపోతే ఈ చిప్పలకి పిల్లలు లేరు.

నీ వయసులో నాకు ఇవన్నీ చెప్పేవాళ్లు లేరు. నీకు ఉన్నారు, కాబట్టి విసుక్కోకుండా విను. ఆదివారం ఎంవీపీ కాలనీకి రా. పులిహోర చేస్తాను. చిప్పలు కొలిచే నా పాత వెర్నియర్ బీరువాలో ఉంది, పట్టుకెళ్లు. అది అర మిల్లీమీటరు ఎక్కువ చూపిస్తుంది, ప్రతి కొలత లోంచీ తీసేయాలి.

పెద్దమ్మ