మళ్ళీ కోవిడ్ లాంటిది వస్తే పెద్దవాళ్ళకి ఇంట్లోనే ఉండే కేర్‌టేకర్ నయమా, వచ్చిపోయే మనిషి నయమా?

మీ నాన్నగారికి పార్కిన్సన్స్, అమ్మగారు ఒక్కరే చేసుకోలేకపోతున్నారు, మీరేమో బెంగళూరులో ఉన్నారు, ఇలాంటప్పుడు ఎవర్ని పెట్టుకోవాలి అని కదా అడిగారు. నా ఓటు ఇంట్లో ఉండే మనిషికేనండి, కాకపోతే ఆవిడకి చేయి మార్చడానికి ఇంకో మనిషిని ముందే అనుకుని పెట్టుకోండి. అది లేకుండా పెట్టుకుంటే నెల తిరక్కుండా వెళ్ళిపోతారు, తప్పు వాళ్ళది కాదు కూడా.

మాది హైదరాబాద్. అమ్మకి 2019లో స్ట్రోక్ వచ్చి కుడి పక్క పడిపోయింది, దానికి తోడు షుగర్. అమ్మా నాన్నా వనస్థలిపురంలో, నేను మియాపూర్‌లో, అంటే ఊరికి ఆ కొసన వాళ్ళు ఈ కొసన నేను. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ అన్నారు, ఆ రోజు ఆగిన మెట్రో మళ్ళీ సెప్టెంబర్‌లో గానీ నడవలేదు. అప్పటికే ఇంట్లో ఒకావిడ ఉండి అమ్మని చూసుకునేది, తుని దగ్గర పల్లెటూరు, మేమందరం అక్క అనే పిలిచేవాళ్ళం. పక్క ఫ్లాట్ తాతగారికి 12 గంటల షిఫ్టు మీద వచ్చే అటెండెంట్‌ని అసోసియేషన్ వాళ్ళు గేటు దగ్గరే ఆపేశారు, ఆయన కొడుకు పాపం డైపర్ మార్చడం యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నాడు. మాకు ఆ తిప్పలు తప్పాయి.

కానీ వేరే తిప్ప వచ్చింది. పనమ్మాయి రావడం ఆగిపోయేసరికి అంట్లు, ఇల్లు తుడవడం, వంట మొత్తం అక్క మీద పడ్డాయి. పేషెంట్ కోసం వచ్చిన మనిషితో ఇంటెడు చాకిరీ చేయించడం మన ఇళ్ళల్లో చాలా మామూలు, "ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది కదా" అంటారు. మేం జీతం పెంచాం, వంట నాన్న మొదలుపెట్టారు (ఆయన పప్పుచారు అక్క కూడా మెచ్చుకునేది, ఇప్పటికీ ఆ గర్వం పోలేదు ఆయనకి). అసలు కష్టం నిద్ర దగ్గర. మంచంలో ఉన్నవాళ్ళని రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే వీపు కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి, అది రాత్రి కూడా తప్పదు, మరి పగలు పడుకోనివ్వకపోతే ఆ మనిషి ఎన్నాళ్ళు చేస్తుంది చెప్పండి? 24 గంటల మనిషి అంటే 24 గంటలూ మేలుకునే మనిషి అని కాదు. అందుకే మధ్యాహ్నం భోజనాలయ్యాక నాన్న అమ్మ దగ్గర కూర్చునేవారు, అక్క లోపలి గదిలో తలుపేసుకుని పడుకునేది, ఆ టైమ్‌లో ఇల్లు పడిపోయినా లేపకూడదు అని రూల్.

ఇంకోటి, వాళ్ళ ఇల్లు. అక్క భర్త ఆటో నడుపుతాడు, లాక్‌డౌన్‌లో ఆటో ఇంటి ముందే ఉండిపోయింది, రాబడి లేదు. ఇక్కడ మా అమ్మకి సూప్ తాగిస్తున్న మనిషికి అక్కడ పిల్లలు ఏం తింటున్నారో తెలియకపోతే చేతులు ఆడవండి. జీతం ఒకటో తారీకునే ఫోన్‌లో వాళ్ళ ఇంటికి వేసేసేవాళ్ళం, రీఛార్జ్ మాదే, వీడియో కాల్‌కి అడగక్కర్లేదు. రైళ్ళు లేవు, ఆంధ్రా బోర్డర్ దాటాలంటే పాస్ కావాలి, అలాంటప్పుడు "వెళ్ళొద్దు" అనడం తేలికే, కానీ బస్సులు మొదలవగానే ఎప్పుడు పంపిస్తాం, తిరిగొచ్చాక ఏ గదిలో ఎన్నాళ్ళు విడిగా ఉండాలి, ఆ రోజులకి కూడా జీతం ఇస్తాం అని ముందే మాట్లాడుకున్నాం. తను ఊరెళ్ళినప్పుడు నేను లాప్‌టాప్ పట్టుకుని అమ్మావాళ్ళింటికి మకాం మార్చాను.

అక్క లేనప్పుడు ఎవరైనా చూసుకోగలిగేలా ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాం. మాత్రలు, షుగర్ రీడింగ్, మోషన్ అయిందా లేదా, అన్నీ అందులోనే. అమ్మని మంచం మీంచి కుర్చీలోకి ఎలా మార్చాలో కూడా అక్క చెప్తే నేను రాసుకున్నాను: కుర్చీ బాగున్న ఎడమ పక్కకి వేయాలి, ముందు మంచం అంచున కూర్చోబెట్టి రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాయో లేదో చూడాలి, తువ్వాలు నడుముకి చుట్టి రెండు కొసలూ గట్టిగా పట్టుకోవాలి, మన మోకాలు ఆవిడ కుడి మోకాలికి అడ్డం పెట్టాలి లేకపోతే అది మడతపడుతుంది, పడిపోయిన చెయ్యి మాత్రం పట్టుకుని లాగకూడదు, భుజం జారుతుంది. కొత్తగా వచ్చిన మనిషి ఎవరైనా చేసే మొదటి పని ఆ చెయ్యి పట్టుకుని లాగడమే.

2021 ఏప్రిల్‌లో మాకూ కోవిడ్ తగిలింది. ముందు జ్వరం వచ్చింది బజారుకి వెళ్ళొచ్చే నాన్నకి, తర్వాత అక్కకి. అక్కని పెట్టిన ఏజెన్సీ వాళ్ళు "ఆవిడని పంపించేయండి, రేపు వేరే మనిషిని పంపిస్తాం" అన్నారు. జ్వరంతో ఉన్న మనిషిని బస్సెక్కించి ఎక్కడికి పంపిస్తాం, ఆ వేరే మనిషి నిన్నటిదాకా ఎవరింట్లో చేసిందో ఎవరికి తెలుసు? నాన్న ముందు గదిలో, అక్క బాత్రూమ్ ఉన్న వెనక గదిలో, అమ్మ పని ఎన్95 మాస్క్ వేసుకుని నేను, కిటికీలన్నీ బార్లా తీసి, ఏసీ బంద్. అమ్మకి నెగెటివే వచ్చింది.

ఆక్సిమీటర్ (వేలికి పెట్టి ఒంట్లో ఆక్సిజన్ శాతం చూసేది) గురించి ఒక మాట, పడిపోయిన చెయ్యి చల్లగా ఉంటుంది, ఆ వేలికి పెడితే తప్పుడు రీడింగ్ వచ్చి గుండె ఆగినంత పనవుతుంది, బాగున్న చేతికే పెట్టండి, గోళ్ళకి రంగు, గోరింటాకు ఉండకూడదు. 94 కంటే తగ్గితే డాక్టర్‌కి ఫోన్ చేయాల్సిందే. పెద్దవాళ్ళకి ఒక్కోసారి జ్వరమే రాదు, తిండి మానేయడం, మగతగా ఉండటం, మాట తడబడటం, ఇవే కనిపిస్తాయి. రోజూ చూసే మనిషే ఆ తేడా పట్టగలదు, ఇంట్లో ఉండే మనిషి అనడానికి నాకు పెద్ద కారణం ఇదే.

టీకా సంగతి తలచుకుంటే ఇప్పటికీ మండుతుంది. 60 దాటినవాళ్ళకి 2021 మార్చి 1 నుంచే ఇచ్చారు, అమ్మ అర్హురాలే కానీ మంచం దిగి సెంటర్‌కి వెళ్ళలేదు. అక్క వెళ్ళగలదు కానీ 45 లోపు కాబట్టి మే దాకా అవకాశమే లేదు, అది కూడా స్లాట్ దొరికితే! రోజంతా అమ్మని ముట్టుకునేది ఆవిడ. కదలలేనివాళ్ళకి ఇంటికొచ్చి వేయొచ్చని కేంద్రం చెప్పింది సెప్టెంబర్‌లో. కాబట్టి ఇప్పుడైనా ఫ్లూ టీకా లాంటివి డాక్టర్‌ని అడిగి నాన్నగారితో పాటు చూసుకునే మనిషికి కూడా మీ ఖర్చుతోనే వేయించండి.

ఏజెన్సీ అయితే మనిషిని మధ్యలో మార్చకూడదని, జబ్బు చేస్తే జీతం కోయకూడదని కాగితం మీద రాయించుకోండి. ఇక పార్కిన్సన్స్ మాత్రలు టైమ్‌కి పడాలి, ఉన్నట్టుండి ఆపకూడదు కూడా, లాక్‌డౌన్‌లో మెడికల్ షాపులు తెరిచే ఉన్నా మాకు కావాల్సిన మాత్ర దొరక్క ఒకటికి నాలుగు షాపులు తిరిగాం, ఒక నెలకి సరిపడా ఎప్పుడూ ఇంట్లో ఉంచుకోండి. ఇంకేమైనా కావాలంటే కింద అడగండి, నోట్‌బుక్ ఇంకా మా దగ్గరే ఉంది, పేజీలు ఫొటో తీసి పెడతాను.